కంటి పీడనం, నేత్రపటలం: గ్లాకోమాలో అసలు జరిగేదేమిటి?

డాక్టరు రక్తపోటు చూసి "120 బై 80" అని చెప్పడం మీరు వినే ఉంటారు. ఆ అంకెలు పాదరసం ఎత్తును మిల్లీమీటర్లలో తెలుపుతాయి. మన కంటిగుడ్డు లోపల కూడా కొంత పీడనం ఉంటుంది. దానినీ ఇదే కొలతలో చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో అది సగటున 15 లేదా 16 మిల్లీమీటర్లు. బయటి గాలి పీడనం కంటే కంటి లోపల అదనంగా ఉండే పీడనం ఇది.

15 మి.మీ. పాదరసం అంటే ఎంత? ఒక చిన్న లెక్క వేద్దాం. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు సాంద్రమైనది. కాబట్టి 15 మి.మీ. పాదరసం దాదాపు 20 సెంటీమీటర్ల నీటికి సమానం. ఇంట్లో బకెట్టులో 20 సెం.మీ. ఎత్తున నీళ్లు పోస్తే అడుగున నీటివల్ల ఎంత పీడనం ఉంటుందో, మన కంటిలో అంతే ఉందన్నమాట. గ్లాకోమా ఉన్నవారిలో చాలామందికి ఈ పీడనం 25 లేదా 30 మి.మీ. దగ్గర ఉంటుంది. 30 అనుకున్నా అది సుమారు 40 సెం.మీ. నీటి లోతే. ఆ లోతు నీళ్లలో చేయి పెడితే మన చేతికి ఏమీ కాదు.

మరి ఇంత స్వల్పమైన పీడనం మనిషి చూపును శాశ్వతంగా ఎలా పోగొడుతుంది? అదీ చాలా సందర్భాలలో నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా, రోగికి తెలియనే తెలియకుండా? ఈ పాఠంలో ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుదాం. తెలుగునాట నీటికాసులు అని పిలిచే ఈ జబ్బు మన దేశంలో 40 ఏళ్లు దాటినవారిలో సుమారు 1 కోటీ 12 లక్షల మందికి ఉన్నట్లు 2010లో ప్రచురితమైన ఒక అంచనా చెబుతోంది. వారిలో అధికసంఖ్యాకులకు ఆ సంగతి తెలియదు.

పీడనం శత్రువు కాదు

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. కంటిలో పీడనం ఉండడం జబ్బు కాదు, అది అవసరం. కంటిగుడ్డు ఎముకలేని మెత్తని గోళం. కార్నియాకు, కటకానికి, వెనుకనున్న నేత్రపటలానికి మధ్య దూరాలు నిలకడగా ఉంటేనే ప్రతిబింబం స్పష్టంగా పడుతుంది. గాలి నింపిన ఫుట్‌బాల్ గుండ్రంగా నిలిచినట్లు, లోపలి పీడనం వల్లే కన్ను తన ఆకారాన్ని నిలుపుకుంటుంది. గాయంవల్ల గాని, శస్త్రచికిత్స తరువాత గాని పీడనం బాగా పడిపోతే నేత్రపటలం ముడతలు పడి చూపు చెదురుతుంది.

ఈ పీడనాన్ని నిలిపేది నేత్రోదకం అనే పారదర్శక ద్రవం. కృష్ణపటలం వెనుక ఉన్న శైలికామయ దేహం దీనిని నిమిషానికి రెండు నుంచి మూడు మైక్రోలీటర్ల చొప్పున తయారు చేస్తుంది. ఈ ద్రవం కంటిపాప గుండా ముందుగదిలోకి వస్తుంది. కార్నియాకు, కటకానికి రక్తనాళాలు లేవు. వాటికి ఆహారాన్ని అందించి, వ్యర్థాలను తీసుకుపోయేది ఈ ద్రవమే. ముందుగది పరిమాణం సుమారు 250 మైక్రోలీటర్లు. కాబట్టి దాదాపు ప్రతి వంద నిమిషాలకు ఒకసారి అందులోని ద్రవం పూర్తిగా మారిపోతుంది.

వచ్చిన ద్రవం పోవడానికి దారి ఉండాలి కదా! కార్నియా, కృష్ణపటలం కలిసే మూలలో మెత్తని స్పాంజి వంటి ఒక జాలకం ఉంది. దీనిని ట్రాబెక్యులార్ జాలకం అంటారు. ద్రవంలో ఎక్కువ భాగం దీనిగుండా వడపోతై, ష్లెమ్ నాళం అనే సన్నని కాలువలోకి, అక్కడినుంచి సిరల్లోకి చేరుతుంది. జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ ష్లెమ్ ఈ నాళాన్ని 1830లో వర్ణించాడు. మిగిలిన భాగం శైలికా కండరాల సందుల్లోంచి బయటికి పోతుంది. కన్నీటికీ ఈ నేత్రోదకానికీ సంబంధం లేదని గుర్తుంచుకోండి. కన్నీరు కంటి బయటి ఉపరితలాన్ని తడుపుతుంది. నేత్రోదకం కంటి లోపలే పుట్టి రక్తంలో కలుస్తుంది. కళ్లు కారడం, కారకపోవడం ఆధారంగా కంటి పీడనాన్ని అంచనా వేయలేము.

ఉత్పత్తి, నిర్గమం సమానంగా ఉన్నంతకాలం పీడనం నిలకడగా ఉంటుంది. గ్లాకోమాలో సాధారణంగా తప్పేది నిర్గమమే. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. మొదటి రకంలో మూల తెరిచే ఉంటుంది కాని జాలకం క్రమంగా బిరుసెక్కి ద్రవాన్ని సరిగా పోనివ్వదు. వంటింటి సింకు జాలీలో నార పేరుకుంటే నీళ్లు మెల్లగా దిగినట్లన్నమాట. దీనిని వివృత కోణ గ్లాకోమా అంటారు. పీడనం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది. రెండవ రకంలో కృష్ణపటలం ముందుకు జరిగి ఆ మూలనే మూసివేస్తుంది. ఇది సంవృత కోణ గ్లాకోమా. భారతదేశంతో సహా ఆసియా దేశాలలో ఇది చెప్పుకోదగినంతగా కనిపిస్తుంది. మూల ఒక్కసారిగా మూసుకుపోతే పీడనం కొన్ని గంటలలోనే 50 లేదా 60 దాటవచ్చు. కంటిలో తీవ్రమైన నొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పి, వాంతులు వస్తాయి. అంత పీడనంలో నేత్రపటలానికి రక్తం అందడమే కష్టమవుతుంది. ఇది అత్యవసర పరిస్థితి. వాంతులు చూసి కడుపునొప్పి మందులతో కాలయాపన చేయకుండా వెంటనే కంటి వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.

నేత్రపటలంలో దెబ్బతినేది ఎవరు?

నేత్రపటలం అనగానే మీకు పాఠ్యపుస్తకంలోని దండాలు, శంకువులు గుర్తుకు వస్తాయి. కాంతిని గ్రహించేవి అవే. కాని గ్లాకోమాలో మొదట దెబ్బతినేవి అవి కావు. నేత్రపటలంలో ముఖ్యంగా మూడు వరుసల నాడీకణాలు ఉన్నాయి. దండాలు, శంకువులు కాంతిని విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. మధ్య వరుసలోని ద్విధ్రువ కణాలు ఆ సంకేతాన్ని అందుకుంటాయి. మూడవ వరుసలోని గాంగ్లియాన్ కణాలు దానిని మెదడుకు పంపుతాయి. గ్లాకోమా ఈ మూడవ వరుసను దెబ్బతీసే జబ్బు.

అంకెలు గమనించండి. ఒక కంటిలో కాంతిని గ్రహించే కణాలు సుమారు పది కోట్లు. వాటన్నిటి సమాచారాన్నీ మెదడుకు చేరవేసే గాంగ్లియాన్ కణాలు సుమారు 10 నుంచి 12 లక్షలు మాత్రమే. వీటికి మార్పిడి కణాలు లేవు. మనిషిలో చనిపోయిన గాంగ్లియాన్ కణం స్థానంలో కొత్తది పుట్టదు. తెగిన దాని తంతువు తిరిగి మెదడుదాకా పెరగదు.

ప్రతి గాంగ్లియాన్ కణంనుంచి ఆక్సాన్ అనే పొడవైన తంతువు బయలుదేరుతుంది. మీ పాఠ్యపుస్తకంలో దీనిని తంత్రికాక్షం అని ఉండవచ్చు. ఈ ఆక్సాన్లు నేత్రపటలం మీద నలుదిక్కులనుంచి ఒకచోటికి చేరి, అక్కడ మలుపు తిరిగి, కట్టగా కంటిని వదిలి బయటికి పోతాయి. ఆ కట్టే దృశ్యనాడి. అవి బయటికి పోయే చోటు వ్యాసం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. పెన్సిల్ ముల్లు మొన అంత చోటులోంచి పది లక్షలకు పైగా తంతువులు దూరి పోతున్నాయన్నమాట. గ్లాకోమా కథ అంతా ఈ చిన్న ద్వారం దగ్గరే నడుస్తుంది.

జల్లెడ దగ్గర జరిగే ఒత్తిడి

పాస్కల్ నియమాన్ని గుర్తు తెచ్చుకోండి. మూసి ఉన్న పాత్రలోని ద్రవం పీడనాన్ని అన్ని వైపులకు సమానంగా పంపుతుంది. కాబట్టి కంటిలో పీడనం పెరిగితే అన్ని గోడల మీదా సమానంగానే పెరుగుతుంది. అయితే గోడలన్నీ సమానంగా బలమైనవి కావు. సైకిలు ట్యూబులో ఎక్కువ గాలి కొడితే అది పలచబడిన చోటే బుడగలా పొంగడం మీరు చూసి ఉంటారు. కంటిగుడ్డు చుట్టూ దృఢస్తరం అనే గట్టి తెల్లని పొర ఉంది. దృశ్యనాడి బయటికి పోయే చోట మాత్రం ఈ పొర పూర్తిగా ఉండడానికి వీలు లేదు. అక్కడ అది సన్నని రంధ్రాలున్న పలుచని పలకల దొంతరగా మారుతుంది. ఆ రంధ్రాలలోంచి ఆక్సాన్లు పోతాయి. శాస్త్రజ్ఞులు దీనికి లాటిన్‌లో జల్లెడను సూచించే పేరే పెట్టారు. మనం జల్లెడ ఫలకం అందాం.

ఈ జల్లెడకు ముందువైపు కంటి పీడనం, వెనుకవైపు దృశ్యనాడి కణజాలపు పీడనం ఉంటాయి. దృశ్యనాడి చుట్టూ, మెదడు చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవమే నిండి ఉంటుంది. మామూలుగా ముందువైపు పీడనం వెనుకవైపు కంటే కొద్దిగా ఎక్కువ. జల్లెడ మీద పనిచేసేది ఈ తేడాయే. పది మీటర్ల లోతు నీటిలోకి దిగినవాని శరీరం మీద పీడనం 760 మి.మీ.కు దగ్గరగా పెరుగుతుంది. అయినా దృశ్యనాడి నలిగిపోదు, ఎందుకంటే కంటిలోనూ తలలోనూ పీడనం కలిసే పెరుగుతుంది, తేడా పెద్దగా మారదు. మరోవైపు కంటిలో మాత్రమే పది మిల్లీమీటర్లు పెరిగితే, ఆ భారమంతా జల్లెడ మీద పడుతుంది. బకెట్టు నీటి పీడనం ఎలా హాని చేస్తుందన్న మన మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది. పీడనం స్వల్పమే. అది మోపబడే చోటు బలహీనం, మోపబడే కాలం పదేళ్లు, ఇరవై ఏళ్లు.

మిగతా సగం జవాబు ఆక్సాన్ లోపల ఉంది. ఆక్సాన్‌ను విద్యుత్ తీగ అని మాత్రమే అనుకోకూడదు. అది రెండు దిక్కులా సరకులు నడిచే రహదారి కూడా. నేత్రపటలంలోని కణదేహంనుంచి ప్రోటీన్లు, మైటోకాండ్రియా మెదడు వైపు వెళతాయి. మెదడు వైపునుంచి కణాన్ని బతికించే పోషక ప్రోటీన్లు కంటి వైపు వస్తాయి. జల్లెడ పలకలు వెనక్కి వంగి, ఒకదాని మీద ఒకటి జరిగినప్పుడు వాటి రంధ్రాలలోని ఆక్సాన్లు నొక్కుకుపోతాయి. రవాణా మందగిస్తుంది. 1974లో డగ్లస్ ఆండర్సన్, అనితా హెండ్రిక్సన్ కోతులపై జరిపిన ప్రయోగాలలో, కంటి పీడనాన్ని పెంచినప్పుడు ఈ రవాణా సరిగ్గా జల్లెడ ఫలకం దగ్గరే ఆగిపోవడాన్ని చూపించారు.

జల్లెడ పలకలలో సన్నని రక్తకేశనాళికలు కూడా ఉన్నాయి. పలకలు వంగితే వాటిలో రక్తప్రసారం కూడా తగ్గవచ్చు. ఇలా ఒకవైపు ప్రాణవాయువు కొరత, మరొకవైపు పోషక ప్రోటీన్ల కొరత ఏర్పడతాయి. చివరికి గాంగ్లియాన్ కణం తనను తాను విచ్ఛిన్నం చేసుకునే కార్యక్రమాన్ని మొదలుపెడుతుంది. దీనిని అపోప్టోసిస్ అంటారు. గాయమైంది కంటి వెనుక ద్వారం దగ్గర, చనిపోయింది మాత్రం నేత్రపటలంలో ఉన్న కణం. పీడనం నేత్రపటల ఆరోగ్యాన్ని దెబ్బతీసే ముఖ్యమైన మార్గం ఇదే.

జల్లెడ అంతటా ఒకే విధంగా ఉండదు. పైభాగంలో, కిందిభాగంలో రంధ్రాలు పెద్దవి, వాటి మధ్య ఆధారం సన్నం. అందుకే అక్కడినుంచి పోయే ఆక్సాన్లు ముందు దెబ్బతింటాయి. ఇవి నేత్రపటలం మధ్యనున్న పచ్చచుక్కను చుట్టుకుంటూ విల్లులా వంగి వస్తాయి. కాబట్టి చూపులో కూడా లోపం మొదట మధ్యకు పైనో, కిందనో విల్లు ఆకారంలో ఏర్పడుతుంది. అక్షరాలు చదివే మధ్యచూపు చాలాకాలం మిగిలి ఉంటుంది. అక్షరాల చార్టు పరీక్షలో 6/6 వచ్చిన మనిషికి కూడా గ్లాకోమా ముదిరి ఉండవచ్చు.

రోగికి ఎందుకు తెలియదు?

దీనికి మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. తెల్లకాగితం మీద ఎడమవైపు ఒక చిన్న కూడిక గుర్తు వేయండి. దానికి కుడివైపు 8 సెం.మీ. దూరంలో బఠాణీ గింజ అంత నల్లచుక్క పెట్టండి. కాగితాన్ని ముఖానికి 30 సెం.మీ. దూరంలో పట్టుకోండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ ఉండండి. కాగితాన్ని మెల్లగా కొద్దిగా ముందుకు, వెనుకకు జరపండి. ఒకచోట నల్లచుక్క మాయమవుతుంది.

ఆ చుక్క ప్రతిబింబం దృశ్యనాడి బయలుదేరే చోట, అంటే అంధచుక్క మీద పడింది. అక్కడ దండాలు, శంకువులు లేవు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మే మారియట్ 17వ శతాబ్దంలోనే ఈ సంగతి కనిపెట్టాడు. మీరు గమనించవలసింది మరొకటి ఉంది. చుక్క మాయమైన చోట మీకు నల్లని రంధ్రం కనిపించిందా? లేదు. తెల్లకాగితమే కనిపించింది. లేని సమాచారాన్ని మెదడు చుట్టుపక్కల దృశ్యంతో పూరించింది.

గ్లాకోమాలో జరిగేదీ ఇటువంటిదే. గాంగ్లియాన్ కణాలు పోయిన చోట చాలామందికి చీకటి కనిపించదు. మెదడు ఆ ఖాళీని అతుకు కనబడకుండా కప్పేస్తుంది. పైగా ఒక కన్ను చూడలేని భాగాన్ని రెండవ కన్ను చూస్తుంది. మెట్టు కనబడక కాలు తడబడడం, పక్కనుంచి వచ్చిన మోటారుసైకిలు చివరిక్షణందాకా తెలియకపోవడం, ఇటువంటివి జరిగినా "పరధ్యానం" అని సరిపెట్టుకుంటారు. దృష్టి క్షేత్ర పరీక్షలో లోపం స్పష్టంగా నమోదయ్యేసరికే పాతిక నుంచి ముప్పై అయిదు శాతం గాంగ్లియాన్ కణాలు పోయి ఉండవచ్చని, మరణానంతరం సేకరించిన కళ్లపై జరిపిన పరిశీలనలు తెలిపాయి.

21 అనే గీత

కంటి పీడనం 10 నుంచి 21 మి.మీ. మధ్య ఉంటే మామూలు అని పుస్తకాలు చెబుతాయి. ఇది ఎక్కువమంది జనంలో కనిపించే విలువల పరిధి మాత్రమే. 21 దాటితే జబ్బు, లోపల ఉంటే క్షేమం అనుకోవడం పొరపాటు. పీడనం 25 ఉన్నా ఎన్నో ఏళ్లు దృశ్యనాడి చెడనివారు ఉన్నారు. 16 ఉన్నా చెడేవారూ ఉన్నారు. రెండవదానిని సాధారణ పీడన గ్లాకోమా అంటారు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 మధ్య అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనాన్ని నిర్వహించింది. హైదరాబాదు నగరంలో వివృత కోణ గ్లాకోమా ఉన్నట్లు తేలినవారిలో సగానికి మించినవారికి కొలిచిన సమయంలో పీడనం 22 కంటే తక్కువే ఉంది. వారిలో పదిమందికి తొమ్మిదిమంది దాకా తమకు జబ్బు ఉన్నట్లు అంతకుముందు తెలియనివారే. కేవలం పీడనం కొలిచి పంపించివేస్తే ఎంతమందిని వదిలివేస్తామో దీన్నిబట్టి ఊహించండి.

ఈ తేడాకు కారణాలు కొన్ని ఇప్పటికే మనకు తెలుసు. అందరి జల్లెడ ఒకే బలంతో ఉండదు. వెనుకవైపు పీడనం తక్కువగా ఉంటే, మామూలు కంటి పీడనంతో కూడా తేడా పెరుగుతుంది. గ్లాకోమా ఉన్నవారిలో మస్తిష్కమేరు ద్రవ పీడనం సగటున తక్కువగా ఉన్నట్లు 2008లో ప్రచురితమైన పరిశీలన చూపింది. రక్తపోటు మరీ తక్కువగా ఉంటే దృశ్యనాడికి రక్తం తగినంత అందకపోవచ్చు. పైగా కంటి పీడనం రోజంతా ఒకేలా ఉండదు. పడుకున్నప్పుడు కూర్చున్నప్పటికంటే ఎక్కువ.

కొలతలో కూడా ఒక చిక్కు ఉంది. 1950లలో హాన్స్ గోల్డ్‌మన్ రూపొందించిన టోనోమీటర్ పద్ధతిలో, కార్నియా మీద 3.06 మి.మీ. వ్యాసమున్న వృత్తాన్ని చదును చేయడానికి ఎంత బలం కావాలో చూస్తారు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదే కదా! కాని కార్నియాకు కూడా తన మందం ఉంది. సగటున అది అర మిల్లీమీటరుకు కొంచెం పైన. కార్నియా పలుచగా ఉంటే సులువుగా చదునవుతుంది, పీడనం అసలుకంటే తక్కువగా నమోదవుతుంది. కళ్లద్దాలు వదిలించుకోవడానికి చేసే లేజర్ చికిత్స కార్నియాను పలుచన చేస్తుంది. మీలో ఎవరైనా ఆ చికిత్స చేయించుకుంటే, ఆ తరువాత జీవితంలో ఎప్పుడు కంటి పీడనం కొలిపించుకున్నా ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

అందుకే వైద్యుడు ఒక్క పీడనంతో ఆగడు. కంటిపాప గుండా దృశ్యనాడి తలను చూస్తాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించాకే బతికి ఉన్న మనిషి కంటిలో దీనిని చూడడం సాధ్యమైంది. ఆరోగ్యవంతమైన నాడి తల మధ్యలో చిన్న గుంట ఉంటుంది. ఆక్సాన్లు తగ్గేకొద్దీ ఆ గుంట వెడల్పవుతూ లోతవుతుంది. అవసరమైతే ఓసీటీ అనే కాంతి స్కానింగుతో నాడీతంతువుల పొర మందాన్ని మైక్రోమీటర్లలో కొలుస్తారు. దృష్టి క్షేత్ర పరీక్షలో వెలుగుచుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమంటారు. ఈ పరీక్షలు చాలావరకు నొప్పి లేనివి.

పీడనం తగ్గిస్తే లాభం ఉందా?

పీడనం ఒక్కటే కారణం కానప్పుడు దానిని తగ్గించి ప్రయోజనమేమిటని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి పెద్ద వైద్య ప్రయోగాలు సమాధానం ఇచ్చాయి. అమెరికాలో పీడనం ఎక్కువగా ఉండి దృశ్యనాడి ఇంకా చెడని 1,636 మందిని రెండు జట్లుగా విభజించారు. 2002లో వెల్లడైన ఫలితాల ప్రకారం, అయిదేళ్లలో చుక్కల మందు వాడని జట్టులో 9.5 శాతం మందికి, వాడిన జట్టులో 4.4 శాతం మందికి గ్లాకోమా వచ్చింది. అంటే ముప్పు సగానికి తగ్గింది. స్వీడన్‌లో తొలిదశ రోగులపై జరిగిన అధ్యయనంలో, పీడనం తగ్గిన ప్రతి మిల్లీమీటరుకు జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గింది. సాధారణ పీడన గ్లాకోమాలో సైతం పీడనాన్ని 30 శాతం తగ్గించినప్పుడు 12 శాతం కళ్లలో జబ్బు ముదిరింది. తగ్గించని కళ్లలో అది 35 శాతం. ఈ ఫలితం 1998లో వెలువడింది.

గ్లాకోమా కారణాలలో వయస్సును, వంశాన్ని మనం మార్చలేము. జల్లెడ నిర్మాణాన్నీ మార్చలేము. చేతికి అందే మీట పీడనం ఒక్కటే. కొన్ని చుక్కల మందులు ద్రవం ఉత్పత్తిని తగ్గిస్తాయి, కొన్ని నిర్గమాన్ని పెంచుతాయి. లేజర్‌తో జాలకాన్ని చురుకుగా చేయవచ్చు, లేదా సంవృత కోణంలో కృష్ణపటలానికి చిన్న రంధ్రం పెట్టవచ్చు. ఇవి చాలనప్పుడు శస్త్రచికిత్సతో ద్రవానికి కొత్త దారి చేస్తారు. వీటిలో ఏదీ పోయిన చూపును తిరిగి తేదు. మిగిలిన చూపును కాపాడుతుంది. మందు వేసుకుంటే చూపు మెరుగైనట్లు తెలియదు కనుక చాలామంది మానేస్తారు. ఇక్కడే ప్రమాదం ఉంది.

మన ఇళ్లలో

మన పెద్దవాళ్లు చూపు మందగిస్తే "శుక్లం అయి ఉంటుంది, ముదరనీ, అప్పుడు ఆపరేషన్ చేయిద్దాం" అంటూ ఉంటారు. శుక్లంలో మసకబారేది కటకం. దానిని తీసి కృత్రిమ కటకం పెట్టవచ్చు. గ్లాకోమాలో పోయేది నేత్రపటలపు గాంగ్లియాన్ కణం. దానికి బదులు పెట్టడానికి ఏమీ లేదు. శుక్లం అనుకుని రెండేళ్లు ఆగితే, ఆ రెండేళ్లలో పోయినది పోయినట్లే. ఏది ఏ జబ్బో పరీక్ష చేస్తే తప్ప ఇంట్లో కూర్చుని తేల్చలేము.

తల్లిదండ్రులకు, తోబుట్టువులకు గ్లాకోమా ఉంటే మిగిలినవారికి ముప్పు అనేక రెట్లు ఎక్కువ. ఇంట్లో ఒకరికి తేలితే, రక్తసంబంధీకులందరూ పరీక్ష చేయించుకోవాలి. లేకున్నా 40 దాటినవారు కంటి అద్దాల కోసం వెళ్లినప్పుడు పీడనంతో పాటు దృశ్యనాడిని కూడా చూడమని అడగాలి.

పసిపిల్లలకూ ఈ జబ్బు రావచ్చు. వారి కంటి గోడ మెత్తన కాబట్టి పీడనానికి కన్నే పెద్దదవుతుంది. పాప కళ్లు అసాధారణంగా పెద్దవిగా ఉండి, నీరు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే, "చేపకళ్లు" అని మురిసిపోకుండా వైద్యునికి చూపించాలి. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 మంది శిశువులలో ఒకరికి కనిపించే ఈ జబ్బు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 మందిలో ఒకరికి ఉన్నట్లు నమోదైంది. మేనరికం వంటి దగ్గరి సంబంధాల వివాహాలలో అంతర్గత జన్యులోపం రెండువైపులనుంచి కలిసే అవకాశం పెరగడం దీనికి ఒక కారణం.

విద్యార్థులకు మరొక హెచ్చరిక. కళ్లు దురదపెడితే మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలలో స్టెరాయిడ్ ఉండవచ్చు. దురద వెంటనే తగ్గుతుంది కాబట్టి అదే సీసా నెలల తరబడి వాడుతారు. స్టెరాయిడ్ కొందరిలో జాలకం నిర్గమాన్ని తగ్గించి పీడనాన్ని పెంచుతుంది. ఇరవై ఏళ్లకే గ్లాకోమా తెచ్చుకునే దారి ఇది. స్టెరాయిడ్ చుక్కలను వైద్యుడు చెప్పినన్నాళ్లే, ఆయన పర్యవేక్షణలోనే వాడాలి. అలాగే శీర్షాసనంలో కంటి పీడనం దాదాపు రెట్టింపవుతుందని 2006లో మన దేశంలోని యోగాభ్యాసకులపై జరిగిన అధ్యయనం చూపింది. గ్లాకోమా ఉన్నవారు తలకిందుల ఆసనాలు మానుకోవడం మంచిది.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు మీరే చెప్పగలరు. బకెట్టు నీటి పీడనం కంటిని పగలగొట్టదు. అది జల్లెడను ఏళ్ల తరబడి నెడుతుంది, ఆక్సాన్ రహదారిని మూసివేస్తుంది, నేత్రపటలంలోని కణాన్ని ఆకలితో చంపుతుంది. ఆ ఖాళీని మెదడు మనకు కనబడనివ్వదు. ఈ జబ్బులో మన అనుభూతిని నమ్ముకోలేము. పరీక్షనే నమ్ముకోవాలి. ఈ పాఠం చదివిన మీరు ఈ వారం ఇంట్లో ఒక్క ప్రశ్న అడగండి: మన కుటుంబంలో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా? 40 దాటినవారిలో ఎవరు చివరిసారి కంటి వెనుకభాగం చూపించుకున్నారు?

ఆలోచించండి, చర్చించండి

1. కంటి పీడనం 24 మి.మీ. పాదరసం అయితే అది ఎన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం?

2. గ్లాకోమాలో దండాలు, శంకువులు మిగిలి ఉన్నా చూపు ఎందుకు పోతుంది?

3. ఇద్దరికీ పీడనం 20 మి.మీ. అనే నమోదైంది. ఒకరి కార్నియా పలుచన, మరొకరిది మందం. ఎవరి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి? ఎందుకు?

4. అంధచుక్క ప్రయోగాన్ని రెండు కళ్లూ తెరిచి చేసి చూడండి. చుక్క మాయమవుతుందా? దీనినిబట్టి గ్లాకోమా రోగికి తన లోపం ఎందుకు తెలియదో వివరించండి.